జవాబు ఆలస్యమవుతున్నప్పుడు దేవుని సన్నిధిలో కనిపెట్టడం ఎలా?

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకున్న వాగ్దానం కార్డు మీ బైబిల్లోనో, ఫోను కవరు వెనకాలో ఉండే ఉంటుంది. మన సంఘాల్లో ఆ కార్డుల మీద తరచుగా కనిపించే వచనాల్లో యిర్మియా 29:11 ఒకటి. దేవుడు మన గురించి తలపెట్టినవి "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అనే మాట. దానికి ముందున్న 10వ వచనం మాత్రం కార్డు మీదికి రాదు. బబులోనులో 70 సంవత్సరాలు గడిచాకే మిమ్మల్ని తిరిగి రప్పిస్తానని దేవుడు అందులో చెప్పాడు. ఈ మాటలు బబులోనుకు చెరగా వెళ్ళినవాళ్ళకి యిర్మియా ప్రవక్త రాసిన ఉత్తరంలోవి. ఆ ఉత్తరం చదివించుకుని విన్న పెద్దవాళ్ళలో చాలామంది యెరూషలేమును మళ్ళీ చూడకుండానే కన్నుమూసి ఉంటారు. అయినా ఆ వాగ్దానం ముందుగా వచ్చింది వాళ్ళకే.

ఉద్యోగం కోసమో, పెళ్ళి సంబంధం కోసమో, బిడ్డ కోసమో, సంఘానికి దూరమైన కొడుకు కోసమో చాలాకాలంగా ప్రార్థిస్తూ, "ప్రభువు వింటున్నాడా?" అని లోపల్లోపల అనుకుంటున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఓపిక పట్టండని ఎవరైనా చెబుతారు. ఎలా పట్టాలో చెప్పేవాళ్ళు తక్కువ. నేను గట్టిగా నమ్మేది ఒకటుంది: ఆలకించడం మానేసినవాళ్ళకి ఓపిక త్వరగా అయిపోతుంది, ఎందుకంటే ఇక వాళ్ళకి మిగిలేది రోజులు లెక్కపెట్టుకోవడమే. దేవుడు ఈ రోజు ఏం చెబుతున్నాడో వినేవాళ్ళకి అడిగినది ఇంకా రాకపోయినా ఆయనతో సంబంధం నడుస్తూనే ఉంటుంది. ఇలా ఆయన మాట వింటూ ఎదురుచూడటాన్నే కనిపెట్టడం అంటాం. కాబట్టి కింద చెప్పేవాటిలో ఎక్కువ భాగం వినడం గురించే.

ముందు ఒక నోటుపుస్తకం తెరవండి

అందులో ఈ రోజు తేదీ వేసి, దేనికోసం అడుగుతున్నారో ఒకే ఒక్క వాక్యంలో రాయండి. "నా పరిస్థితులు మారాలి" అని రాస్తే రేపు అది జరిగిందో లేదో మీకే తెలియదు. "మార్చిలోగా అప్పు వడ్డీ కట్టడానికి దారి చూపించు", "ఈ సంబంధం ఒప్పుకోవాలా వద్దా తెలియజెయ్యి" అన్నట్టు ఉండాలి.

దాని కింద ఇంకో వాక్యం రాయండి. ఇది కష్టం. "ప్రభువు ఏ జవాబిస్తే నేను ఒప్పుకోలేను?" అన్న ప్రశ్నకి మీ నిజమైన సమాధానం. ఎవరికీ చూపించక్కర్లేదు.

ఇది ఎందుకు రాయమంటున్నానో యిర్మియా 41 నుంచి 43 అధ్యాయాల వరకు చదివితే తెలుస్తుంది. యెరూషలేము కూలిపోయింది. బబులోను రాజు అధికారిగా నియమించిన గెదల్యాను చంపేశారు. మిగిలిన జనం ఆ రాజుకి భయపడి, సేనాధిపతి యోహానాను వెంట ఐగుప్తుకు బయలుదేరి, బేత్లెహేము దగ్గర ఆగారు. అక్కడ యిర్మియా దగ్గరికి వచ్చి, మాకోసం ప్రార్థన చెయ్యండి, దేవుడు ఏం చెప్పినా వింటాం, అది మాకు మంచిగా అనిపించినా చెడ్డగా అనిపించినా సరే అని ప్రమాణం చేశారు. వాళ్ళ మాటలు మాత్రమే చదివితే ఎంత లోబడే మనసో అనిపిస్తుంది.

జవాబు రావడానికి 10 రోజులు పట్టింది. ప్రవక్త సైతం 10 రోజులు ఆగాల్సి వచ్చిందన్న సంగతి దగ్గర నేను చదివిన ప్రతిసారీ ఆగిపోతాను. జనం భయంతో ఉన్నారు, తొందరపెడుతున్నారు, అయినా యిర్మియా తన సొంత ఆలోచనని దేవుని మాటగా చెప్పేయలేదు. చివరికి వచ్చిన జవాబు, ఈ దేశంలోనే ఉండండి, ఐగుప్తుకు వెళ్ళొద్దు అని. అది విన్న వెంటనే వాళ్ళు, నువ్వు అబద్ధం చెబుతున్నావు అన్నారు. ఐగుప్తుకే వెళ్ళారు, యిర్మియాను కూడా తీసుకుపోయారు.

ఆ 10 రోజులూ వాళ్ళు ఆగారు, కానీ కనిపెట్టలేదు. మూటలు అప్పటికే కట్టేసి ఉన్నాయి. వాళ్ళు అడిగింది దారి కోసం కాదు, సంతకం కోసం. మనం కూడా అడ్వాన్సు ఇచ్చేసి, శుభలేఖ అచ్చుకి పంపేసి, ఆ తర్వాత "ప్రభువా, నీ చిత్తమే జరగాలి" అని ప్రార్థిస్తుంటాం. మీరు రాసుకున్న ఆ రెండో వాక్యాన్ని ప్రతి రోజూ ప్రార్థనలో ప్రభువు ముందు పెట్టండి. దాన్ని ఇష్టపడేలా చెయ్యమని అడగక్కర్లేదు. "ఇది నాకు భయం, నీకు తెలుసు" అంటే చాలు. ఆ వాక్యాన్ని నోటితో చెప్పగలిగిన రోజు నుంచి మీ చెవి మారుతుంది.

చోటు, వేళ

ఇక్కడ ఎక్కువ చెప్పను. రోజూ ఒకే చోటు, ఒకే వేళ, 15 లేదా 20 నిమిషాలు. ఫోను వేరే గదిలో. బైబిలు ఫోనులో చదివే అలవాటుంటే ఈ కాసేపటికి పుస్తకం వాడండి, ఎందుకంటే వాక్యం చదువుతుండగా పైనుంచి దిగే ఒక్క మెసేజ్‌ చాలు, మనసు ఆఫీసుకి వెళ్ళిపోతుంది.

తెల్లవారుజామునే లేవాలన్న నియమం పెట్టుకుని, కుదరక, అపరాధభావంతో మొత్తం మానేసేవాళ్ళు చాలామంది. 5వ కీర్తనలో దావీదు ఉదయమే తన ప్రార్థన సిద్ధంచేసి కాచి ఉంటానన్నాడు, నిజమే. కానీ యేసు రాత్రంతా ప్రార్థించిన సందర్భమూ ఉంది, ఇస్సాకు సాయంకాలం పొలంలో ధ్యానించిన సందర్భమూ ఉంది. రాత్రి షిఫ్టు చేసేవాళ్ళకి పొద్దున ఇంటికొచ్చాక నిద్రకి ముందు వేళ మంచిది. బిడ్డ తల్లికి బిడ్డ పడుకున్న వేళ. కువైట్‌లో ఇంటి పనిలో ఉండి, గదిలో ఇంకో ముగ్గురితో కలిసి ఉండే చెల్లెలికి అందరూ నిద్రపోయాక మంచం మీద కూర్చున్న కాసేపే ఏకాంతం. ఆ వేళని తక్కువగా చూడకండి.

కొంచెమే చదవండి, నెమ్మదిగా చదవండి

ఏడాదిలో బైబిలు పూర్తిచేసే ప్రణాళిక మంచిదే, దాన్ని వేరే వేళకి ఉంచండి. ఇక్కడ పది పన్నెండు వచనాలకి మించి వద్దు. సువార్తల్లో ఒకటి ఎంచుకుని వరసగా వెళ్ళండి. బైబిలు ఎక్కడ తెరుచుకుంటే అక్కడ వేలు పెట్టి దాన్ని జవాబుగా తీసుకునే అలవాటు మాత్రం మానుకోవాలి. అలా తెరిచినప్పుడు మన కళ్ళు మనకి కావలసిన వచనాన్నే వెతుక్కుంటాయి.

ఒకసారి పైకి చదవండి. రెండోసారి ఇంకా నెమ్మదిగా చదవండి. మూడోసారి చదువుతూ, మిమ్మల్ని ఆపిన మాట దగ్గర ఆగిపోండి, మిగతాది పూర్తి చెయ్యాలన్న తొందర వద్దు.

మార్కు 5లో యాయీరు కథతో ఇప్పుడే ప్రయత్నించండి. అతని కూతురికి 12 ఏళ్ళు, చావు బతుకుల్లో ఉంది. సమాజమందిరపు అధికారి అయ్యుండి యేసు కాళ్ళ మీద పడ్డాడు. యేసు అతనితో బయలుదేరాడు. ఇంతవరకు ప్రార్థనకి జవాబు వచ్చినట్టే. దారిలో ఒక స్త్రీ వెనకనుంచి వచ్చి ఆయన వస్త్రం ముట్టింది. ఆమె రక్తస్రావ రోగం కూడా 12 ఏళ్ళదే. యేసు ఆగాడు. ఎవరు ముట్టారని అడిగాడు. శిష్యులు, ఇంతమంది తోస్తుంటే ఎవరని అడుగుతావేమిటన్నారు. ఆయన చుట్టూ చూస్తూ నిలబడ్డాడు. ఆమె వణుకుతూ వచ్చి సంగతంతా చెప్పింది. 12 ఏళ్ళ సంగతి, వైద్యుల సంగతి, ఖర్చయిపోయిన డబ్బు సంగతి చెప్పాలంటే ఎంతసేపు పట్టి ఉంటుంది?

ఆ సేపంతా యాయీరు అక్కడే నిలబడి ఉన్నాడు. అతను ఏమన్నాడో మార్కు రాయలేదు. చదువుతూ అతని పక్కన నిలబడండి. ఆయన ఇంకెవరి ప్రార్థనో వింటున్నాడు, మన ఇంట్లో పరిస్థితి చెయ్యి దాటిపోతోంది. పక్కింటి అమ్మాయికి పెళ్ళి కుదిరింది, మనతో చేరిన కుర్రాడికి ప్రమోషన్‌ వచ్చింది, ఆదివారం సాక్ష్యం చెప్పడానికి ఎవరో లేచారు, అందరితోపాటు మనం కూడా "స్తోత్రం" అన్నాం. యాయీరు నిలబడిన చోటు అదే. అంతలో ఇంటినుంచి మనుషులొచ్చి, నీ కూతురు చనిపోయింది, బోధకుణ్ణి ఇంకా ఎందుకు శ్రమపెడతావన్నారు. యేసు ఆ మాట పట్టించుకోకుండా అతనితో ఒక్కటే అన్నాడు: "భయపడకుము, నమ్మిక మాత్రముంచుము." ఆలస్యానికి కారణం చెప్పలేదు, అతనితో కలిసి మిగతా దారి నడిచాడు.

ఇలా చదివాక ఒక మాట మీతో ఉండిపోతుంది. దాన్ని నోటుపుస్తకంలో తేదీ కింద రాసుకోండి. వివరణ అక్కర్లేదు. పగలు బస్సులోనో, గ్యాస్‌ పొయ్యి దగ్గరో దాన్ని మళ్ళీ తలుచుకోండి.

తర్వాత మాట్లాడకుండా ఉండండి

మన ప్రార్థనలు చాలావరకు మన మాటలతో మొదలై మన "ఆమేన్‌"తో ముగుస్తాయి. ఆమేన్‌ చెప్పకుండా ఐదు నిమిషాలు కూర్చోండి. "నా ప్రాణమా, దేవుని నమ్ముకొని మౌనముగా నుండుము" అని 62వ కీర్తనలో దావీదు తన ప్రాణానికే చెప్పుకున్నాడు, అంటే అది దానంతట అది ఊరుకోలేదన్నమాట.

మీ మనసూ ఊరుకోదు. కరెంటు బిల్లు గుర్తొస్తుంది. అత్తగారు అన్న మాట గుర్తొస్తుంది. పక్కన ఒక చిన్న కాగితం పెట్టుకోండి. చెయ్యాల్సిన పని గుర్తొస్తే అందులో రాసి వదిలెయ్యండి. మనిషి గుర్తొస్తే ఆ పేరు ప్రభువుకి చెప్పండి. కోపం గుర్తొస్తే దాని గురించే కాసేపు ఆయనతో ఉండండి, బహుశా ఈ రోజు ఆయన మాట్లాడదలచింది దాని గురించే కావచ్చు. ప్రతిసారీ మళ్ళీ ఆ రాసుకున్న మాట దగ్గరికి రండి.

ఏదో స్వరం వినబడాలని ఎదురుచూడకండి. హోరేబు కొండ మీద ఏలీయా ముందు పర్వతాలు బద్దలయ్యే గాలి వీచింది, భూకంపం వచ్చింది, మెరుపులాంటి అగ్ని పుట్టింది. వాటిలో యెహోవా లేడని గ్రంథం చెబుతుంది. తర్వాత మిక్కిలి నిమ్మళమైన స్వరం వినబడింది. ఇంకో విషయం గమనించండి: అంతకుముందు దేవుడు అతన్ని రెండుసార్లు నిద్రపుచ్చి, లేపి, అన్నం పెట్టించాడు. నిద్రలేక, తిండి సరిగా తినక, సన్నిధిలో కూర్చుని ఏమీ వినబడలేదని దుఃఖపడేవాళ్ళు ముందు తిని పడుకోవాలి. ఉపవాస ప్రార్థనని నేను గౌరవిస్తాను. కానీ ఒళ్ళు కూలిపోయినవాళ్ళకి దేవుడు ముందు రొట్టె ఇచ్చాడు.

విన్నాననుకున్నదాన్ని పరీక్షించండి

"సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి" అన్నాడు పౌలు. మనసుకి ఒక నడిపింపు తట్టిందనుకోండి. అది వాక్యానికి విరుద్ధమైతే అక్కడితో ఆపెయ్యండి. విరుద్ధం కాకపోతే, మీకు నచ్చే మాటే చెప్పే అలవాటు లేని ఇద్దరు విశ్వాసులకి చెప్పండి, వాళ్ళలో ఒకరు మీ పాస్టరుగారో సంఘపెద్దో అయితే మంచిది. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆగండి. భయంవల్లో ఆశవల్లో పుట్టినది సాధారణంగా నాలుగు రోజుల్లో రంగు మారుస్తుంది. ఈ రోజే తేల్చుకో, ఎవరితోనూ చెప్పకు అని తొందరపెట్టే ఆలోచనని అనుమానించండి.

ఒక మాట ఖండితంగా చెబుతాను. కానుక పంపితే మీకోసం ప్రవచనం చెబుతామనేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. జవాబు ఆలస్యమైన ఇళ్ళనే వాళ్ళు వెతుక్కుంటారు. పిల్లలు లేనివాళ్ళూ, రోగంతో ఉన్నవాళ్ళూ అప్పుచేసి మరీ ఆ కానుకలు పంపుతున్నారు. దేవుని సన్నిధికి వెళ్ళడానికి ఎవరూ రుసుము పెట్టలేదు.

ఈలోగా ఏం చెయ్యాలి?

70 ఏళ్ళని చెప్పిన ఆ ఉత్తరంలోనే దేవుడు, ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, మీరున్న పట్టణం క్షేమంకోసం ప్రార్థించండి అన్నాడు. శత్రువు ఊళ్ళో తోట! కనిపెడుతున్నవాళ్ళు బతుకుని అటక మీద పెట్టకూడదు. ఉద్యోగం కోసం ప్రార్థిస్తున్నవాళ్ళు దరఖాస్తులు పెడుతూనే ఉండాలి. స్వస్థత కోసం ప్రార్థిస్తున్నవాళ్ళు డాక్టరు రాసిన మందులు ఒక్క పూట కూడా మానకూడదు, మానమని ఎవరు చెప్పినా వినకూడదు. తొలకరి, కడవరి వర్షాల కోసం ఓపికతో కాచుకునే వ్యవసాయకుణ్ణి యాకోబు చూపించాడు. ఆ వ్యవసాయకుడు వాన కురిపించలేడు గానీ, దుక్కి దున్ని విత్తనం వెయ్యడం అతని పనే.

అయితే మీది కాని పనిని చేతిలోకి తీసుకోకండి. గిల్గాలులో సౌలు రాజు చేసింది అదే. సమూయేలు ప్రవక్త వస్తానన్న ఏడు రోజులూ ఆగాడు. ఎదురుగా ఫిలిష్తీయులు, వెనక చెదిరిపోతున్న జనం. ఇక ఆగలేక, సమూయేలు వచ్చి అర్పించాల్సిన దహనబలి తానే అర్పించాడు. అది ముగియగానే సమూయేలు వచ్చాడు. అబ్రాహాము 75 ఏళ్ళప్పుడు బయలుదేరి, ఆగలేక దాసి హాగరు ద్వారా 86 ఏళ్ళకి ఇష్మాయేలును కన్నాడు. ఇస్సాకు పుట్టేసరికి అతనికి 100 ఏళ్ళు. హాగరు కన్నీళ్ళని కూడా దేవుడు విన్నాడు, కానీ ఆ తొందర ఖరీదు ఎక్కువగా కట్టింది ఆమె, ఆమె బిడ్డ. మీ తొందరవల్ల ఎవరు నలుగుతారో ఒకసారి చూసుకోండి. నోటుపుస్తకంలో పేజీని రెండుగా గీసి, ఒకవైపు "నేను చెయ్యాల్సినవి", ఇంకోవైపు "ప్రభువు చెయ్యాల్సినవి" అని రాసుకుంటే చాలా గందరగోళం తగ్గుతుంది.

ఏళ్ళు గడిచిపోతే

అప్పుడు విలాప కీర్తనలు తీసుకోండి. 13వ కీర్తన మొదటి రెండు వచనాల్లోనే ఎన్నాళ్ళు, ఎంతకాలం అన్న ప్రశ్న నాలుగుసార్లు వస్తుంది. 88వ కీర్తన చీకటి అనే మాటతోనే ముగుస్తుంది, చివర్లో స్తుతి కూడా లేదు. అలాంటి ప్రార్థనని దేవుడు తన గ్రంథంలో ఉంచాడంటే, మీరు కూడా నవ్వు ముఖం పెట్టుకోకుండా ఆయన ముందు కూర్చోవచ్చు. వాటిని పైకి చదవండి, మీ పేరు కలిపి చదవండి. నిద్ర పట్టక, ఆకలి పోయి, బతకాలన్న ఆశ సన్నగిల్లితే మాత్రం ఒంటరిగా ఉండకండి. ఇంట్లోవాళ్ళకీ, డాక్టరుకీ చెప్పండి. అది విశ్వాసం లేకపోవడం కాదు.

మన నేలమీదే జరిగిన ఒక సంగతి చెబుతాను. అమెరికన్‌ బాప్టిస్టుల తెలుగు మిషను 1840 నుంచి నెల్లూరులో పనిచేస్తూ వచ్చింది. చెప్పుకోదగ్గ ఫలితం కనబడక 1853లో దాన్ని మూసెయ్యాలన్న చర్చ జరిగింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆ మిషను సేవకుడు లైమన్‌ జూయెట్‌, ఆయన భార్య, జూలియా అనే తెలుగు విశ్వాసి, ఇంకా ఒకరిద్దరు ఒంగోలు పక్కనున్న కొండెక్కి, కింద పరుచుకున్న ఊళ్ళను చూస్తూ ప్రార్థించారు. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. జాన్‌ క్లౌ అనే మిషనరీ ఒంగోలులో స్థిరపడింది 1866లో. అంటే 12 ఏళ్ళ తర్వాత.

నన్ను ఎక్కువగా కదిలించేది ఆ తర్వాతి భాగం. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్‌ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. జనం బాప్తిస్మం అడిగారు. తిండికోసం వస్తున్నారేమోనన్న సందేహంతో ఆయన ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. అన్నేళ్ళు ఎదురుచూసిన పంట కళ్ళెదుట ఉన్నా చెయ్యి వెయ్యలేదు. కరువు సాయం ఆగిపోయాక కూడా జనం వస్తూనే ఉన్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో, వెల్లంపల్లి దగ్గర, తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా నీళ్ళలో నిలబడి, వంతులు మార్చుకుంటూ ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. కొండమీద ప్రార్థనకీ దీనికీ మధ్య 24 ఏళ్ళు. అంత పెద్ద సంఖ్య మీ ప్రార్థనకీ వస్తుందని ఇది చెప్పడం లేదు. తలుపు తెరుచుకుంటున్నట్టు కనిపించినప్పుడు కూడా ఇంకా ఆలకించాల్సిందే ఉంటుందని మాత్రం ఇందులో చూస్తున్నాను.

నోటుపుస్తకాన్ని మూడు నెలలకోసారి మొదటినుంచి చదవండి. అడిగిన ఒక్క జవాబు రాకపోయినా, అడగనివి కొన్ని వచ్చి ఉంటాయి. వాటి పక్కన తేదీ వెయ్యండి. అడగడం ఆపెయ్యాలనిపించిన విన్నపాలూ కొన్ని ఉంటాయి, కొట్టివేసి పక్కన కారణం రాయండి.

ఇంకొకరు కనిపెడుతున్నప్పుడు

మీ సంఘంలో పెళ్ళయి ఏళ్ళవుతున్నా పిల్లలు లేని జంట ఉంటారు. వాళ్ళని చూడగానే "ఏమైనా విశేషమా?" అని అడగకండి. మీ విశ్వాసం చాల్లేదేమో, ఏదైనా పాపం ఒప్పుకోలేదేమో అని అసలే అనకండి. యోబు స్నేహితులు ఏడు రోజులు ఏడు రాత్రులు ఏమీ మాట్లాడకుండా అతని పక్కన నేలమీద కూర్చున్నంతవరకు బాగానే చేశారు, చెడింది నోరు తెరిచాకే.

వాళ్ళింటికి వెళ్ళండి. వచనం చెప్పాలన్న తొందర పెట్టుకోకుండా వాళ్ళు చెప్పేది వినండి. ప్రార్థన చెయ్యమంటే చిన్న ప్రార్థన చెయ్యండి, ఫలానా నెలకల్లా జరుగుతుందని దేవుడి తరఫున గడువు పెట్టకండి. వచ్చేటప్పుడు మళ్ళీ ఏ రోజు వస్తారో చెప్పి రండి, ఆ రోజుకి వెళ్ళండి.